ఇనుప మెట్ల వైపు నుంచి

పన్నెండుంబావుకు వదిన నడికొండ మీదికి చేరి రాళ్ళగుట్ట పక్కన కూర్చుంది. ఇప్పుడు ఒంటిగంట దాటింది. ఆడపడుచు రాలేదు.

వదిన తాను వచ్చిన దారికేసి తిరిగి కూర్చుంది. ఆ దారి రాళ్ళగుట్ట దగ్గర నుంచి కిందికి దిగి, రెండు కొండల మధ్య పల్లంలోకి పోయి, అవతల మొదటి కొండ ఎక్కి, రంపం లాంటి వెన్ను మీదుగా ఇనుప మెట్ల దాకా వెళ్తుంది. పల్లంలో మబ్బు ఆగింది. మబ్బు కదిలినప్పుడల్లా దారి కనిపిస్తోంది, దారి మీద మనిషి కనిపించడం లేదు. వస్తుంది, ఎక్కడికి పోతుంది, ఏ రాయి మీదో కూర్చుని బూటు లేసు కట్టుకుంటూ ఉంటుంది, ఆవిడ లేసు కట్టుకోవడం ఒక పెద్ద తతంగం, ముందు విప్పాలి, తర్వాత లాగాలి, తర్వాత బూటును తిట్టాలి. వదిన అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇనుము వాసన ఇంకా పోలేదు. ఆ వాసన ఇందాకటి నుంచి చూసుకుంటూనే ఉంది. ఎవరూ చూడటం లేదు కదా అని మళ్ళీ చూసుకుంది. తొడలు వణుకుతున్నాయి, వణకనీ, వాటికి ఆ హక్కు ఉంది. వీపు చెమట గాలికి ఆరుతోంది. రొట్టె సంచిలోనే ఉంది, గుడ్లు సంచిలోనే ఉన్నాయి, టీ ఫ్లాస్కు ఆడపడుచు దగ్గర ఉంది. ఒకరి దగ్గర తిండి, ఒకరి దగ్గర తాగేది. కలుసుకోకపోతే ఇద్దరికీ సగం సగమే. ఈ ఏర్పాటు కూడా ఆయనదే.

అన్ని ఏర్పాట్లూ ఆయనవే. పెళ్ళయిన ఏడాది ముగ్గురూ కలిసి ఈ కొండల చుట్టు తిరగడానికి బయల్దేరారు. బస్టాపులో మొదలై బస్టాపులోనే ముగిసే దారి, పొద్దున దిగితే సాయంత్రానికి తేలతారు, మధ్యలో ఎక్కాల్సినవి మూడు కొండలు. మొదటి మలుపు రాకముందే గొడవ. ఆడపడుచు పరుగు, వదిన నత్త. ఈవిడ ఆగి రాళ్ళు చూస్తుంది, ఆవిడ వెనక్కి తిరిగి నడుం మీద చేతులు పెట్టుకుంటుంది. "రాళ్ళు రేపు కూడా ఉంటాయి వదినా, బస్సు ఉండదు." "నీకు బస్సు తప్ప లోకం లేదా అమ్మాయ్?" ఆయన ఇద్దరి మధ్యా నడిచి నడిచి, చివరికి దారి మధ్యలో నిలబడి అన్నాడు: "మీరిద్దరూ ఒకే దారిన నడిస్తే నాకు చెవులు మిగలవు. చెరో దిక్కూ పట్టండి. పైన కలుద్దాం." అలా మొదలైంది. వదిన కుడికి తిరిగి పచ్చిక వాలు మీదుగా, ఆడపడుచు ఎడమకు తిరిగి ఇనుప మెట్ల మీదుగా. ఆయన ఒక ఏడు పెళ్ళాంతో, ఒక ఏడు చెల్లెలితో. నడికొండ మీద కలుసుకుని, తిని, ఆ ఏడాది తేలాల్సిన పెద్ద మాట ఏదుంటే అది అక్కడ తేల్చుకుని, ఒకరు ఎక్కిన దారిన ఇంకొకరు దిగేవారు. పెద్ద మాటలు ఇంట్లో వద్దనేవాడు. "ఇంట్లో అయితే మధ్యలో లేచి వంటింట్లోకి పోతారు. కొండ మీద లేచి ఎక్కడికి పోతారో చూస్తా." ఇల్లు కొనడం కొండ మీదే తేలింది. పిల్లలు లేరు, ఇక డాక్టర్ల చుట్టూ తిరగొద్దు అనేది కొండ మీదే తేలింది. ఆ రోజు వదిన ఇనుప మెట్లు ఏడుస్తూ దిగింది, కింద బస్టాపు చేరేసరికి ఏడుపు అయిపోయి ఆకలి మొదలైంది.

దిగే ముందు ఇంకో పని ఉంటుంది. ఎవరి దారి కబుర్లు వాళ్ళు అవతలివాళ్ళకు చెప్పాలి. నువ్వు పోబోయే చోట వాగు మీద పలక కదులుతోంది, రెండో మలుపు దగ్గర మట్టి జారింది, మేకల పాక దగ్గర కుక్క ఉంది కానీ మొరగడం తప్ప ఏమీ చెయ్యదు. నీ ముందున్నదంతా నాకు వెనక ఉంది, నా ముందున్నదంతా నువ్వు చూసి వచ్చావు. ఇన్నేళ్ళూ వదిన ఇనుప మెట్లను ఆడపడుచు నోట విన్నాకే దిగింది. పైనుంచి ఆరోది వదులుగా ఉంది వదినా, బరువంతా పెట్టకు. బరువంతా పెట్టేది కాదు.

ఈసారి ఆ మాట వినకుండా ఆ మెట్లు ఎక్కింది. ఆడపడుచుకు చెప్పకుండా ఎక్కింది. పొద్దున మొదటి బస్సుకు వదిన ముందు వచ్చేస్తుంది, నత్త కాబట్టి. ఆడపడుచు పొద్దుటి ట్రిప్పు బస్సు నడిపి, డిపోలో తాళాలు ఇచ్చేసి, తర్వాతి బస్సుకు వస్తుంది. కాబట్టి ఎవరెటు తిరిగారో ఒకరికొకరు కనపడరు. వదిన బస్సు దిగింది, సంచి భుజాన వేసుకుంది, ఎడమకు తిరిగింది. కాళ్ళు కుడికి లాగాయి, అలవాటు. రెండడుగులు వేశాక అవే దారికొచ్చాయి. తాను ఎడమకు పోతే వెనకాల ఆడపడుచు కూడా ఎడమకే వస్తుంది, పరుగు కాళ్ళు కాబట్టి రంపం దగ్గరో, పల్లంలోనో తనను పట్టేస్తుంది, పట్టినప్పుడు నోరు తెరుస్తుంది, తెరవనీ. అప్పటికి మెట్లు అయిపోయి ఉంటాయి. లెక్క అది. కానీ పట్టలేదు. రంపం అయిపోయింది, మొదటి కొండ అయింది, పల్లం అయింది, నడికొండ వచ్చింది, వెనక ఎవరూ లేరు. మొదట అది బాగుంది. పరుగు మనిషి కంటే ముందు చేరానన్న పొగరు కాసేపు కాళ్ళ నొప్పి తీర్చింది.

దిగేటప్పుడు కాలు వెతుక్కుంటుంది, ఎక్కేటప్పుడు చెయ్యి వెతుక్కుంటుంది. చేతితో వెతకడం వదిన బతుకుతెరువు. కట్టుడు పళ్ళ సెట్లు చేసే గదిలో పొద్దస్తమానం అదే పని, ప్లాస్టరు అచ్చు మీద వేలు పెట్టి ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ లోతుందో చూడటం, మైనం కరిగించి అద్దడం, పాలిషు మిషను దగ్గర తెల్లటి దుమ్ములో కళ్ళద్దాలు తుడుచుకోవడం. కంటికి కనపడనిది వేలికి దొరుకుతుంది. రాతి మీద కూడా దొరికింది. మెట్టుకూ మెట్టుకూ మధ్య చేతులు పోయి పట్టుకున్న చోట రాయి నున్నగా ఉంది, ఇన్నేళ్ళూ ఆడపడుచు చెయ్యి కూడా అక్కడే పడి ఉంటుంది. పై నుంచి ఆరోది అంటే కింది నుంచి ఎన్నోది అని తెలియక సగం దారిలో ఆగిపోయింది. ప్రతి మెట్టూ వదులుగానే అనిపించింది. కింద లోయ ఉంది. పైన రాయి ఉంది. అప్పుడు గట్టిగా ఒక మాట వినపడింది: "ఏమమ్మా, ఇక్కడే కాపురం పెడతావా?" మాట ఆడపడుచుది, గొంతు తనది. వదినకు నవ్వొచ్చింది. నవ్వితే చెయ్యి జారుతుందని నవ్వు ఆపుకుంది. ఆపుకున్న నవ్వుతోనే మిగతావి ఎక్కేసింది. వదులు మెట్టు ఏదో ఇప్పటికీ తెలియదు. బాగు చేశారేమో.

రొట్టెలాయన విషయం ఆడపడుచు చెప్పింది రెండు వారాల కింద, బట్టలు ఆరేస్తూ, దుప్పటి అవతల నుంచి. మొహం కనపడకుండా చూసుకుంది. బస్సు తిప్పే చివరి స్టాపు ఎదురుగా ఆయన కొట్టు. పొద్దున మొదటి ట్రిప్పుకు రొట్టెల బట్టీ వెచ్చగా ఉంటుంది, డ్రైవరమ్మకు ఒక రొట్టె కాగితంలో చుట్టి కిటికీలోంచి ఇస్తాడు. భార్య పోయి చాలాకాలం. "ఏమన్నాడే?" "ఏమంటాడు, రోజూ కిటికీలోంచి ఇవ్వడం కష్టంగా ఉంది, లోపలికి రాకూడదా అన్నాడు." "నువ్వేమన్నావు?" "బస్సు ఆగే టైం మూడు నిమిషాలే అన్నా." దుప్పటి కొస లాగి సరిచేసింది. "కొండ మీద చెప్తా వదినా. నువ్వూ అక్కడే చెప్పు." యాభై ఒక్క ఏళ్ళ మనిషి. స్టీరింగే మొగుడు అని డిపోలో ఏడిపిస్తారు, ఈవిడ హారను కొట్టి జవాబు చెప్తుంది.

రొట్టెలాయన నోరు వదినకు తెలుసు. కింది దవడకు రెండు పళ్ళు తానే చేసింది, ఆయన అచ్చు బల్ల మీద నాలుగు రోజులు ఉంది. నిద్రలో పళ్ళు కొరికే మనిషి కాదు. కోపం దిగమింగేవాళ్ళ పళ్ళు వెనక అరుగుతాయి, ఈయనవి అరగలేదు. ఎడమ వైపు నమలడం ఎక్కువ. మనిషి గురించి అంతకంటే ఏం తెలియాలి? ఆడపడుచుకు ఈ సంగతి చెప్పలేదు. మొగుడి సంగతులు పెళ్ళానికి కొన్నైనా మిగల్చాలి.

కాబట్టి గొడవ ఆయనతో లేదు. గొడవ ఎక్కడుందో రంపం మీద తెలిసింది. రెండు వైపులా దిగుడు, మధ్యలో చాపంత వెడల్పు రాయి, గాలి కుడి చెవిలో దూరి ఎడమ చెవిలోంచి పోతోంది. అక్కడ నడుస్తూ నడుస్తూ వదిన మనసులోనే ఇంటి వెనక గది కొలిచింది. కిటికీ పక్కన పాలిషు మిషను, దాని ఎడమకు ప్లాస్టరు బల్ల, గోడకు అచ్చులు పెట్టుకునే అరలు. దుమ్ము వంటింట్లోకి రాదు. సగం పని ఇంట్లోనే చేసుకోవచ్చు. మంచం తీసేస్తే సరిపోతుంది. అనుకున్నాక గానీ తెలియలేదు, అది ఆడపడుచు మంచం. వదిన ఆ గాలిలో నిలబడిపోయింది. తొమ్మిదేళ్ళ కింద అన్న పోయినప్పుడు పది రోజులు ఉండి పోతానని వచ్చింది ఆ పిల్ల. పదకొండో రోజు వంటింటి కుళాయి కారుతుంటే బాగు చేసింది, పన్నెండో రోజు తన రేడియో తెచ్చుకుంది. తెల్లవారకముందే రేడియో, గుమ్మంలో బూట్లు, స్నానాల గది తలుపు ధడేలున. "తలుపు నీకేం అపకారం చేసిందే?" "అది మూసుకోదు వదినా, నేను మూస్తా." ఆ చప్పుళ్ళే లేకపోతే ఆ మొదటి ఏడాది వదిన పొద్దున లేచేదే కాదు. ఆ మనిషి మంచం తాను రంపం మీద నడుస్తూ అవతల పారేసింది. ఒంటరిగా ఉండలేనేమో అని భయపడి, ఆ సంగతి తేల్చుకోవడానికి మెట్లు ఎక్కింది. తేలింది వేరే. ఉండగలదు. ఉండాలని ఉంది కూడా.

ఇప్పుడు ఆ మాట ఎలా చెప్పాలి? వెళ్ళు అంటే, ఏ వదిన ఏ ఆడపడుచును వెళ్ళమన్నా లోకానికి ఒకలాగే వినపడుతుంది. చేసుకో అంటే బరువు దించుకున్నట్టు ఉంటుంది. నీ ఇష్టం అంటే నాకిష్టం లేదని. నా గురించి ఆలోచించకు అంటే అదే ఆలోచిస్తూ కూర్చుంటుంది, ఆ మొండి పిల్ల పెళ్ళీ మానేస్తుంది, రేడియో సౌండు ఇంకాస్త పెంచుతుంది. నువ్వు లేకపోతే ఎలాగే అని ఒక కన్నీటి బొట్టు రాలిస్తే మర్యాదగా ఉంటుంది, కానీ అబద్ధం, పైగా దాంతో నిజంగానే ఆగిపోతుంది. ఆయన ఉంటే ఏమనేవాడు? ఆయనైతే గుడ్డు పెంకు తీస్తూ, ఎవరో మూడో మనిషి సంగతి చెప్తున్నట్టు చెప్పేసేవాడు. వదినకు ఆ విద్య రాదు. నోట్లో మాటలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూసుకుంది, కొత్త సెట్టు పెట్టుకున్నవాడు నాలుకతో తడుముకున్నట్టు. ఏదీ కుదురుగా కూర్చోలేదు. గాలి ఆగినప్పుడు ఎండ మోకాళ్ళ మీద పడింది. బాగుంది. సమాధానం దొరకకపోయినా బాగుంది. ఇంత ఆలస్యం చేసి మంచి పని చేసింది అనుకుంది ఒక నిమిషం, ఆ మరు నిమిషం ఆ 'ఆలస్యం' అన్న మాట మీద మనసు ఆగింది.

లేసు కట్టుకోవడానికి ఇంత సేపు పట్టదు. ఇనుప మెట్లు పొద్దున తడిగా ఉన్నాయి, తాను ఎక్కినప్పుడు తడిగానే ఉన్నాయి, వెనక వచ్చే మనిషికి కూడా తడిగానే ఉంటాయి. వదులు మెట్టు తన బరువుకు ఆగింది. తన తర్వాత? తాను తొక్కి వదులు చేసి వచ్చిన మెట్టేమో. ఫోను తీసింది. సిగ్నలు గీత ఒక్కటి కూడా లేదు, ఇక్కడ ఎప్పుడూ ఉండదు, బస్టాపు దాకా ఉండదు. ఆమె ఎప్పుడూ పైన వదులు మెట్టు గురించి చెప్పేది, ఈసారి చెప్పేవాళ్ళు ఎవరు, ఆమెకు చెప్పాల్సింది తాను, తాను ఇక్కడ వెనక గదికి అరలు కొడుతోంది. వదిన లేచింది. తొడలు ఒప్పుకోలేదు, అయినా లేచింది. సంచి తగిలించుకుని పల్లం వైపు నాలుగడుగులు దిగింది. మబ్బులోకి చేతులు నోటికి అడ్డం పెట్టి కేకేసింది.

"ఏమేవ్!"

"ఎక్కడ చచ్చావు వదినా!"

జవాబు మబ్బులోంచి రాలేదు. వీపు వెనక నుంచి వచ్చింది. పచ్చిక వాలు వైపు నుంచి, ఆడపడుచు, మొహం ఎర్రగా, టోపీ చేతిలో, జుట్టు నుదుటికి అతుక్కుని, రాళ్ళగుట్ట ఒక చేత్తో పట్టుకుని వంగి ఊపిరి తీసుకుంటోంది. మోకాళ్ళ దాకా తడి.

"నువ్వు అటు నుంచి ఎలా వచ్చావే?" అంది వదిన.

"నేను అడగాలి ఆ మాట! వాగులో వెతికా నిన్ను. పలక కింద వెతికా. మేకల పాక దగ్గర కంచె కట్టే ఆయన్ని అడిగితే పొద్దుట్నుంచి ఈ దారిన ఎవరూ రాలేదన్నాడు. ఎవరూ రాలేదంటే నా గుండె ఏమవ్వాలి? మళ్ళీ వాగు దాకా వెనక్కి పోయా. కుక్క నా వెంట, నేను అరుచుకుంటూ. నీ దారి అది! అటు నుంచే కదా నువ్వు రావాలి!"

"మరి అది నా దారి అయితే నువ్వెందుకు వచ్చావు?"

ఆడపడుచు రాయి మీద కూర్చుంది. ఫ్లాస్కు మూత తిప్పింది, టీ పొయ్యలేదు.

"నీ వెనకాలే వద్దామని. నీకు కనపడకుండా."

"ఎందుకు?"

"చూద్దామని."

"ఏం చూద్దామని?"

"నువ్వొక్కదానివే నడవగలవో లేదో చూద్దామని. ఎక్కడైనా కూర్చుండిపోతే... కూర్చుండిపోతే ఆ మనిషికి వద్దని చెప్పేద్దామని. అంతే. ఇప్పుడు చెప్పు, నువ్వెటు నుంచి వచ్చావు?"

"ఇనుప మెట్లు."

"అబద్ధం."

వదిన అరచెయ్యి ఆమె ముక్కు దగ్గర పెట్టింది. ఆడపడుచు వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"ఒక్కదానివే?"

"మరి! నేనూ అదే చూడ్డానికి ఎక్కా."

ఎవరు ముందు నవ్వారో తర్వాత ఇద్దరూ ఒప్పుకోలేదు. ఒకరికి చెప్పకుండా ఒకరు దారి మార్చుకున్నారు, ఇద్దరూ మార్చుకోవడంతో ఎప్పటిలాగే చెరో వైపు నుంచీ ఎక్కి ఎప్పటి చోటే కలిశారు. ఆడపడుచు కళ్ళు తుడుచుకుంది, టీ పోసింది, గుడ్డు రాయి మీద కొట్టింది. ఆకలి మీద తింటూ, వదిన మొహం చూడకుండా అడిగింది: "నేను పోతే వెనక గది ఏం చేస్తావు? ఎవరికైనా అద్దెకిస్తావా?"

"మిషను పెట్టుకుంటా. కిటికీ పక్కన."

మాట జారిపోయింది. గంటసేపు వెతికి పెట్టుకున్న మాటల్లో ఇది లేదు. వదిన రొట్టె ముక్క చేతిలో అలాగే పట్టుకుని కూర్చుంది. ఆడపడుచు నమలడం ఆపింది.

"ఎన్నాళ్ళ నుంచి కన్నేశావు నా గది మీద?"

"ఇవాళే. రంపం మీద."

"మంచం ఏం చేశావు?"

"తీసేశా."

ఆడపడుచు ఆమెను చూసింది. తర్వాత భుజాలు కిందికి దిగాయి. ఒక నిట్టూర్పు పోయింది, బస్సు ఆగి తలుపు తెరుచుకున్నప్పుడు వచ్చే చప్పుడులా. "అమ్మయ్య," అంది. "రెండు వారాలుగా నాకు నిద్ర లేదు. నేను పోతే ఈవిడ గుమ్మంలో కూర్చుని నా బూట్లు చూసుకుంటూ ఏడుస్తుందని. ఎలా పోనురా దేవుడా అని. ఇక్కడేమో ఈవిడ మంచం కూడా తీసేసింది!"

"ఏడుస్తానులే. రేడియో లేకపోతే ఏడుస్తా. కొన్నాళ్ళు."

"రేడియో ఉంచుతా. ఆయనకి కొట్టులో ఒకటుంది."

"సౌండు ఎక్కువ పెట్టకు. ఆ మనిషి తెల్లారుజామునే లేచి పని చేసుకునేవాడు."

"అప్పుడే ఆయన పక్షమా?"

తిన్నాక ఆడపడుచు లేచి, కలిసి దిగుదాం, ఏదో ఒక వైపు, అంది. వదిన ఒప్పుకోలేదు. కలిసి దిగితే ఇద్దరిలో ఒకరు ఎక్కిన దారినే వెనక్కి పోవాలి, చుట్టు సగంలో ఆగిపోతుంది. "నా చుట్టు నేను పూర్తి చేసుకుంటా. నువ్వు నీది చేసుకో." తర్వాత దారి కబుర్లు చెప్పుకున్నారు, ఈసారి తలకిందులుగా. మెట్లు తడిగా ఉన్నాయి అమ్మాయ్, ఏది వదులో నాకు తెలియలేదు, అన్నీ చూసి తొక్కు. పలక గట్టిగానే ఉంది వదినా, కింద కూడా చూశా కాబట్టి చెప్తున్నా. ఇద్దరూ సంచులు తగిలించుకుని వీపులు తిప్పుకున్నారు.

పచ్చిక వాలు ఎక్కడమే తప్ప దిగడం వదినకు ఇది మొదటిసారి. ఇన్నేళ్ళూ కళ్ళ ముందు గడ్డి, రాయి, తన బూటు కొస. ఇప్పుడు మొత్తం లోయ కనపడింది, చివర బస్టాపు రేకు, దాని పక్క రోడ్డు. మోకాళ్ళు తిట్టాయి. ఆగి ఒక రాయి చూసింది, ఇంకో రాయి చూసింది, తొందర పెట్టేవాళ్ళు ఎవరూ లేరు. మేకల పాక దగ్గర కంచె కట్టే ఆయన సుత్తి ఆపి, ఎవరో ఒకావిడ ఎవరికోసమో అరుచుకుంటూ పోయిందమ్మా, పాపం, దొరికారో లేదో, అన్నాడు. దొరికారు, అని చెప్పింది వదిన. వాగు మీద పలక గట్టిగానే ఉంది.

బస్టాపు చేరేసరికి ఆడపడుచు బల్ల మీద కూర్చుని ఉంది, బూట్లు విప్పి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని. వదినను చూసి చెయ్యి ఎత్తింది, మాట ఆపలేదు. చివరి బస్సు ఆరూ నలభైకి కదిలింది. రొట్టెల కొట్టు ఎదురు స్టాపులో ఆడపడుచు దిగింది. వదిన ఇంటి దాకా వెళ్ళింది.